యెర్బా మాతే రుచి తెలియాలంటే: మంట, పొగ, నిల్వ, ఆ తర్వాతే నీళ్లు

దక్షిణ అమెరికా వాళ్లు టీలా తాగే యెర్బా మాతే ఆకు ప్యాకెట్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, గ్రీన్ టీ కాచినట్టే మరిగే నీళ్లు పోసి, ఒక గుక్క తాగి "ఇదేంటి, పొగ వాసన, పైగా చేదు" అని పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఆ ప్యాకెట్ తర్వాత వంటింటి అలమరాలో ఏడాది పడి ఉంటుంది. అందులో ఆకు తప్పేమీ లేదు. తన నోటికి సరిపడే రకం ఏదో చూసుకోకుండా కొనడం ఒక పొరపాటు, సలసల కాగే నీళ్లు పోయడం రెండో పొరపాటు.

అర్జెంటీనా, పరాగ్వే, బ్రెజిల్, ఉరుగ్వే. నాలుగు చోట్లా తాగేది ఒకే చెట్టు ఆకు. అయినా ఒక దేశం వాళ్లు ఇంకో దేశపు మాతేను మెచ్చుకోవడం అరుదు. కోసిన తర్వాత ఆకును ఎలా కాల్చారు, దేని మీద ఆరబెట్టారు, ఎన్ని నెలలు నిల్వ ఉంచారు అన్నదాన్ని బట్టి రుచి మారిపోతుంది. అందుకే ముందు ఎండబెట్టడం గురించి చెప్పి, కాచుకోవడం తర్వాత చెబుతాను. ఓపిక లేనివాళ్లు నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. ప్యాకెట్ ఇంకా కొననివాళ్లు మాత్రం ఇక్కడి నుంచే చదవండి.

ముందు, ఆకుకు ఏం జరిగిందో తెలుసుకోండి

ఇది టీ మొక్కకు చుట్టం కాదు. హోలీ (holly) అనే మొక్క కుటుంబానికి చెందిన చెట్టు, శాస్త్రీయ నామం ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్. పరానా, పరాగ్వే, ఉరుగ్వే నదుల పరీవాహకంలో పుట్టింది. స్పెయిన్ వాళ్లు రాకముందే అక్కడి గ్వారానీ ప్రజలు ఈ ఆకు వాడేవారు. ఇప్పుడు అర్జెంటీనాలో దాదాపు సాగంతా మిసియోనెస్, కొరియెంతెస్ రాష్ట్రాల ఎర్రమట్టి నేలల్లోనే. ప్రధానమైన కోత ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నడుస్తుంది. ఆకును లేత చిగుళ్లుగా గిల్లరు, కొమ్మలతో సహా నరికి పెద్ద గుడ్డల్లో మూటలు కట్టి లారీకెక్కిస్తారు. ఆ మూట ఒక రోజులోపు మంట దగ్గరికి చేరాలి. ఆలస్యమైతే ఆకు మూటలోనే వేడెక్కి నల్లబడటం మొదలవుతుంది.

మొదటి మంటను 'సపెకాదో' అంటారు. నిలువెత్తు ఇనుప డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ ఉంటుంది, దాని మూతి దగ్గర కట్టెల మంట. పచ్చి కొమ్మలు ఆ మంటను దాటుకుంటూ డ్రమ్ములోకి వెళ్తాయి. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరవడంతో ఆకు మీద బొబ్బలు లేచి, చిటపటమని పగులుతాయి. మంట తగిలేది కొద్ది క్షణాలే, రుచికి పునాది మాత్రం అక్కడే పడుతుంది. పచ్చి ఆకులో ఉండే ఎంజైములు గాలి తగిలితే ఆకును నల్లబరుస్తాయి. బ్లాక్ టీ చేసేవాళ్లకు కావాల్సింది అదే. మాతే చేసేవాళ్లకు అది వద్దు కాబట్టి, ఆ ఎంజైములను వేడితో మొదట్లోనే చంపేస్తారు. రంగు పచ్చగా నిలిచిపోతుంది, వాసనలో సన్నగా కాలిన జాడ చేరుతుంది.

అసలు ఆరబెట్టడం దాని తర్వాత. ఇక్కడే దారులు చీలిపోతాయి.

పాత పద్ధతి పేరు 'బార్బాక్వా'. ఒక చోట కట్టెలు మండుతుంటే, ఆ వేడి నేల కింద తవ్విన సొరంగం గుండా వచ్చి, గుమ్మటంలా కట్టిన చెక్క తడికె కిందికి చేరుతుంది. తడికె మీద సపెకాదో అయిన ఆకు పరుస్తారు. 'ఊరూ' అనే అనుభవజ్ఞుడు గంటల తరబడి దగ్గరుండి ఆకును తిరగేస్తూ, ఎక్కడ ఎక్కువ వేడెక్కుతోందో కనిపెడుతూ, కింద మంట వేసేవాడికి పెంచమనో తగ్గించమనో చెబుతాడు. ఇదంతా ఒక్కోసారి రోజంతా పడుతుంది. వేడితో పాటు పొగ కూడా సొరంగంలోంచి వచ్చి ఆకుకు పడుతుంది.

ప్రకాశం, పశ్చిమ గోదావరి వైపు వర్జీనియా పొగాకు బ్యారన్ చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. బ్యారన్‌లో పొగ గొట్టాల్లోంచే బయటికి పోతుంది, ఆకుకు తగిలేది ఒట్టి వేడి. బార్బాక్వాలో ఆ గొట్టం లేదనుకోండి, అంతే.

కొత్త పద్ధతిలో ఆకు పొడవాటి బెల్టుల మీద కదులుతూ వేడిగాలి గదుల్లోంచి వెళ్తుంది, కొన్ని గంటల్లో పని అయిపోతుంది. కట్టెల వేడిగాలిని నేరుగా ఊదితే కొంచెం పొగ అంటుతుంది. గాలిని విడిగా వేడిచేసి పంపితే పొగే ఉండదు. ఏ దారిలో వెళ్లినా చివరికి ఆకులో తేమ 5 శాతం దగ్గరికి రావాలి. సుమారు 3 కిలోల పచ్చి ఆకు వేస్తే కిలో ఎండు ఆకు చేతికొస్తుంది.

ఆరిన ఆకును ముతకగా నలగ్గొట్టి బస్తాల్లో నింపుతారు. బ్రెజిల్‌లో షిమర్రావుకు, అంటే అక్కడి మాతేకు, వాడే ఆకును నిల్వ ఉంచరు. వెంటనే మెత్తగా పొడి చేసి, ఆకుపచ్చ రంగు పోకముందే అమ్మేస్తారు. అర్జెంటీనాలో గోదాముల్లో మగ్గబెడతారు. సహజంగా వదిలేస్తే 6 నెలల నుంచి రెండేళ్ల దాకా పడుతుంది, వేడి, తేమ అదుపులో ఉంచిన గదుల్లో అయితే 30 నుంచి 60 రోజుల్లో ముగిస్తారు. మగ్గేకొద్దీ పత్రహరితం విరిగిపోయి ఆకు పసుపు కలిసిన ఆలివ్ రంగుకు మారుతుంది. పచ్చి గడ్డి వాసన పోతుంది, నాలుక పట్టేసే వగరు తగ్గుతుంది. తొందరపెట్టి మగ్గబెట్టినదానికీ, రెండేళ్లు ఓపిగ్గా ఉంచినదానికీ తేడా మొదటి గుక్కలో అంతగా తెలియకపోవచ్చు. మూడో నాలుగో సారి నీళ్లు పోసినప్పుడు బయటపడుతుంది. నా ఓటు రెండేళ్లదానికే.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

ప్యాకెట్ మీద స్పానిష్ ఉంటుందని టెన్షన్ పడకండి. నాలుగు ముక్కలు గుర్తుపడితే చాలు. 'కోన్ పాలో' అంటే పుల్లలతో కలిపినది. అర్జెంటీనా నిబంధనల ప్రకారం ఇందులో కనీసం 65 శాతం ఆకు ఉండాలి. 'సిన్ పాలో' లేదా 'దెస్‌పలాదా' అంటే పుల్లలు తీసేసినది, ఆకు కనీసం 90 శాతం. పుల్లలంటే కల్తీ అనుకోవద్దు. అవి చేదును తగ్గిస్తాయి, కాస్త చెక్క తీపి ఇస్తాయి, బొంబీయా (మాతే పీల్చే గొట్టం) మూసుకుపోకుండా ఆకు మధ్య సందు ఉంచుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పుల్లలున్నదే కొనండి.

'బార్బాక్వా' అని రాసి ఉంటే పొగ వాసన ఖాయం. 'సిన్ ఉమో' అంటే పొగ లేకుండా ఆరబెట్టినది. 'ఎస్తాసియోనామియెంతో' అన్న మాట పక్కన 12 అనో 24 అనో ఉంటే అది మగ్గిన నెలల లెక్క.

బ్రాండ్ల విషయానికొస్తే, కొరియెంతెస్ నుంచి వచ్చే తరాగ్వి, మిసియోనెస్ నుంచి వచ్చే రోసమోంతే అర్జెంటీనా శైలికి మంచి నమూనాలు. రెండోది కొంచెం ఘాటు. పరాగ్వే పహారితో, కురుపి పొగ ఇష్టపడేవాళ్లకు. కనారియాస్ ఉరుగ్వే వాళ్ల ముద్దుబిడ్డ, ఆకు బ్రెజిల్‌ది, పొడి ఎక్కువ, పుల్ల తక్కువ. మొదటిసారికి దాని జోలికి వెళ్లకండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సిరియన్, లెబనీస్ సరుకులమ్మే కొట్లలో అడిగి చూడండి. దక్షిణ అమెరికాకు వలసపోయి తిరిగొచ్చినవాళ్ల ద్వారా సిరియాకు ఈ అలవాటు పాకింది, అర్జెంటీనా మాతే కొనే దేశాల్లో సిరియాది ముందు వరస. అమెరికాలో డబ్బాల్లో చల్లగా, తియ్యగా అమ్మేది తాగి ఇదే మాతే అనుకోవద్దు, అది సాఫ్ట్ డ్రింక్ కిందే లెక్క.

నీళ్లు పోయకముందు ప్లేటు పరీక్ష

తెల్ల ప్లేటులో ఒక చెంచా ఆకు పోసి పలచగా పరవండి. నాలుగు భాగాలు కనిపిస్తాయి: పెద్ద ఆకు ముక్కలు, సన్న ముక్కలు, పుల్లలు, పొడి. వేలితో ప్లేటును తట్టితే పొడి విడిపోతుంది. పొడి ఎక్కువుంటే చిక్కదనం ఎక్కువ, చేదూ ఎక్కువే. చిలకపచ్చగా మెరుస్తుంటే మగ్గని బ్రెజిల్ రకం. పసుపు, ఆలివ్ రంగులు కలిసి ఉంటే మగ్గింది. అక్కడక్కడా గోధుమ మచ్చలుంటే మొదటి మంట గట్టిగా తగిలిందని అర్థం, కొంతవరకు అది మామూలే. అంతా నల్లగా, మట్టి వాసనతో ఉంటే మాత్రం తేమ తగిలి పాడైనది, పారేయండి.

తర్వాత అరచేతిలో వేసుకుని వేళ్లతో నలిపి వాసన చూడండి. పొగ వాసన ముందు వచ్చి ఆకు వాసన తర్వాత వస్తే బార్బాక్వా. ఎండుగడ్డి, కలప వాసన కలిసి వస్తే బెల్టు మీద ఆరి, బాగా మగ్గిన ఆకు.

నీళ్లు

ఇక్కడ మాత్రం రాజీ వద్దు. 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి. మరిగే నీళ్లు పోస్తే చేదంతా ఒక్క దెబ్బకు దిగిపోతుంది, రెండోసారికి ఆకులో ఏమీ మిగలదు. అర్జెంటీనాలో నీళ్లు పొరపాటున మరిగితే ఆ నీళ్లు పారబోసి మళ్లీ పెట్టేవాళ్లున్నారు.

థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు. రెండు గ్లాసుల మరిగే నీళ్లకు ఒక గ్లాసు మామూలు నీళ్లు కలపండి. మన ఊళ్లలో కుండీలో నీళ్లు 28 డిగ్రీలు అనుకుంటే మొత్తం 76 దగ్గర ఆగుతుంది. డాలస్‌లోనో టొరంటోలోనో చలికాలపు కుళాయి నీళ్లయితే 70 దగ్గరికి దిగుతుంది, అది కూడా సరిపోతుంది. వెంటనే ఫ్లాస్కులో పోసేయండి, మాతే కూర్చుంటే అరగంట నడిచే వ్యవహారం.

బుర్రలో కాచుకోవడం

మాతే తాగే గుండ్రటి పాత్ర మన సొరకాయ జాతిదే. కాయను ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపల గుల్ల చేసి మూతి కోస్తారు. కొత్త బుర్రయితే ముందు పదును చేసుకోవాలి. తడిపిన మాతే ఆకు నింపి ఒక రోజు ఉంచి, చెంచాతో లోపలి పీచును మెల్లగా గోకి, కడిగి, మరోసారి అలాగే చేయండి. బుర్ర లేకపోతే స్టీలు గ్లాసో పింగాణీ కప్పో చాలు. వానాకాలంలో కాకినాడ, విశాఖ లాంటి చోట్ల నిజానికి అవే మేలు, బుర్రకు బూజు పట్టడానికి అక్కడ రెండు రోజులు చాలు. బొంబీయా మాత్రం కావాలి. అది కింద జల్లెడలా సన్న రంధ్రాలున్న లోహపు గొట్టం. ఆకు లోపలే ఉండిపోతుంది, రసం నోట్లోకి వస్తుంది.

1. బుర్రలో మూడింట రెండు వంతులు ఆకు నింపండి. చూస్తే చాలా ఎక్కువ అనిపిస్తుంది, అయినా అంతే పట్టాలి.

2. మూతిని అరచేత్తో మూసి, తలకిందులు చేసి, రెండు మూడు సార్లు ఊపండి. పొడి అరచేతి వైపు చేరుతుంది. చెయ్యి తీస్తే అంటుకున్న పొడి కనిపిస్తుంది, దాన్ని దులిపేయండి.

3. బుర్రను ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా నిలబెట్టండి. ఆకు ఒక పక్కన గుట్టగా, రెండో పక్కన పల్లంగా ఉండాలి.

4. పల్లంలో గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోసి రెండు నిమిషాలు ఆగండి. ఆకు పీల్చుకుని ఉబ్బుతుంది. వేడినీళ్లు తగలకముందే ఇలా తడిస్తే చేదు ఒక్కసారిగా దిగదు.

5. బొంబీయా పై కొనను బొటనవేలితో మూసి, పల్లం వైపు అడుగుదాకా దించండి. ఇక దాన్ని కదపొద్దు. చెంచాలా తిప్పారంటే పొడి వచ్చి రంధ్రాల్లో కూరుకుపోతుంది.

6. ఫ్లాస్కు నీళ్లు బొంబీయా పక్కనే సన్నటి ధారగా పోయండి. గుట్ట పైభాగం పొడిగానే ఉండాలి. అదే మీ నిల్వ ఆకు, తర్వాతి వంతులకు కొంచెం కొంచెంగా తడుపుకోవాలి.

7. చప్పుడు వచ్చేదాకా పీల్చేయండి, మళ్లీ నీళ్లు పోయండి.

మొదటిది ఎప్పుడూ ఘాటే. నలుగురు కూర్చున్నప్పుడు కాచే మనిషే మొదటిది తాగుతాడు, తర్వాత అదే బుర్ర, అదే బొంబీయా అందరి చేతులూ మారుతుంది. ఎంగిలి పట్టింపు ఉన్న మన ఇళ్లలో ఇది కష్టమే, తలా ఒక కప్పు పెట్టుకోండి. బుర్ర తిరిగి ఇస్తూ "గ్రాసియాస్" అన్నారంటే ఇక చాలని అర్థం, అక్కడి నుంచి మీ వంతు రాదు. మర్యాదకు ముందే థాంక్స్ చెప్పేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

నురగ తగ్గి, పుల్లలు పైకి తేలి, రుచి నీళ్లలా మారినప్పుడు ఆకు అయిపోయినట్టు. ఆకు బాగుండి, నీళ్లు సరిగ్గా ఉంటే పదిసార్లకు పైగా పోసుకోవచ్చు.

ఆరబెట్టిన తీరు నాలుకకు తెలియాలంటే

దీనికి బుర్ర వద్దు, బుర్ర వాసన అడ్డొస్తుంది. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో బ్రెజిల్ పచ్చరకం, ఒకదాంట్లో మగ్గిన అర్జెంటీనా, ఒకదాంట్లో పరాగ్వే బార్బాక్వా, తలా 5 గ్రాములు. ఒక్కోదాంట్లో 75 డిగ్రీల నీళ్లు 200 మిల్లీలీటర్లు పోసి, 5 నిమిషాలాగి వడకట్టండి. పంచదార, నిమ్మరసం ఏమీ వద్దు.

మొదటిది మబ్బుగా, పచ్చగా ఉంటుంది. లేత ఆకుకూర ఉడికిన వాసన, మెత్తటి చేదు, వెనకాల సన్న తీపి. రెండోది బంగారు రంగు. కలప వాసన, పొడిగా నాలుక మీద నిలిచే చేదు. మూడోదాంట్లో పొగ ముక్కుకు ముందే తగులుతుంది, నోట్లో బరువుగా ఉంటుంది, మింగాక కూడా గొంతులో ఉంటుంది. వెంటనే తాగి ఊరుకోకుండా, పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ రుచి చూడండి. వేడి తగ్గాక పొగ వెనక్కి తగ్గి, ఆకు బాగా మగ్గిందా లేదా అన్నది తేటగా తెలుస్తుంది. పొగ వాసనతో నాసిరకం ఆకును దాచే అమ్మకందార్లు అక్కడే దొరుకుతారు.

పొగ గురించి ఒక మాట. కట్టెపొగ పట్టిన ఆకులో బెంజోపైరీన్ లాంటి హానికర పదార్థాలు చేరతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు ఏవైనా అన్నవాహికకు క్యాన్సర్ కారకం కావచ్చని చెప్పింది. అంత వేడి లేని మాతేను మాత్రం ఆ జాబితాలో పెట్టలేదు. రోజూ తాగేవాళ్లు పొగ లేనిది కొనుక్కుని, గొట్టంలోంచి గబగబా పీల్చకుండా కాస్త ఆగి తాగండి. పొగ రకం ఎప్పుడో ఆదివారానికి ఉంచుకోండి. కెఫీన్ ఉంది కాబట్టి గర్భిణులు, నిద్ర పట్టనివాళ్లు డాక్టర్‌ను అడగాలి, రాత్రిపూట ఎవరికీ వద్దు.

ఎండాకాలానికి, పాలు లేకపోతే తోచనివాళ్లకు

మే నెలలో వేడి మాతే ఎవరు తాగుతారు? పరాగ్వే వాళ్లకూ ఇదే ఇబ్బంది, అందుకే వాళ్లు 'తెరెరే' తాగుతారు. ముతక, పొగ రకం ఆకును గ్లాసులో నింపి, ఐసు వేసిన నీళ్లు కొంచెం కొంచెంగా పోసుకుంటూ బొంబీయాతో పీలుస్తారు. పుదీనా, నిమ్మగడ్డి లాంటి ఆకులు, వేర్లు రోట్లో దంచి ఆ నీళ్లలో వేస్తారు. ఆ ఆకుల పరిజ్ఞానంతో సహా తెరెరేను 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేడినీళ్లలో భరించలేనంత అనిపించిన పొగ, చల్లటి నీళ్లలో హాయిగా ఉంటుంది, చేదు సగానికి సగం తగ్గుతుంది. బార్బాక్వా ప్యాకెట్ కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు దాన్ని ఇలా ఖర్చు చేసుకోండి.

పాల టీ అలవాటున్నవాళ్లకు పరాగ్వే వాళ్లదే ఇంకో దారి ఉంది. వాళ్లు ఆకునూ పంచదారనూ కలిపి, నిప్పుకణికలు వేసి మాడ్చి, నీళ్లు పోసి వడకట్టి పాలతో తాగుతారు. గ్యాస్ స్టవ్ మీద ఇలా చేయండి: ఇనుప మూకుట్లో రెండు చెంచాల ఆకు, రెండు చెంచాల పంచదార వేసి, మధ్యస్థ మంట మీద కలుపుతూ ఉండండి. పంచదార కరిగి, ముదురు గోధుమ రంగుకు వచ్చి, సన్నగా పొగ లేవగానే మంట తగ్గించి, రెండు గ్లాసుల వేడినీళ్లు దూరం నుంచి పోయండి. బుస్సుమని లేస్తుంది, మొహం వెనక్కి పెట్టుకోండి. ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, వేడి పాలు కలపండి. ఇక్కడ 75 డిగ్రీల పట్టింపు అక్కర్లేదు, మాడిన పంచదార చేదును సరిచేస్తుంది. దీనికి ఖరీదైన ఆకు వాడటం దండగ.

నిల్వ

మగ్గిన ఆకును గాలి చొరని డబ్బాలో, ఎండ తగలని చోట పెడితే నెలల తరబడి బాగానే ఉంటుంది. మసాలాల డబ్బాల పక్కన మాత్రం పెట్టకండి, ఇంగువ వాసన లాగేసుకుంటుంది. బ్రెజిల్ పచ్చరకం ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, లేదంటే కొన్ని వారాల్లో రంగు పోయి, పచ్చిదీ మగ్గిందీ కాని రుచిలోకి దిగిపోతుంది. తాగడం అయిపోగానే బుర్రలో ఆకు తీసేసి కుండీ మొక్కలకు వేయండి, సబ్బు లేకుండా మామూలు నీళ్లతో కడిగి, మూతి పక్కకు వచ్చేలా ఒరిగించి, గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. బొంబీయాను వారానికోసారి వంట సోడా వేసిన నీళ్లలో మరిగిస్తే రంధ్రాలు శుభ్రపడతాయి.